పెద్ద ఊరు లేని జట్టు



ఈ సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మన కుర్రోళ్ళు క్రికెట్ టోర్నమెంట్ పెట్టారు. కోతలైపోయిన మడిలోనే గ్రౌండు. గట్టు దాటితే ఫోరు, గెడ్డ దాటితే సిక్సు. బంతి గెడ్డలో పడితే కొట్టినోడే వెళ్ళి తేవాలి. మీ ఊళ్ళోనూ ఇదే రూలు ఉండి ఉంటుంది. ఆట అయిపోయాక పదో తరగతి చదివే తమ్ముడొకడు పక్కన కూర్చుని అడిగాడు: "అన్నా, ఆంధ్రా టీముకి మన ఏజెన్సీ నుంచి ఎవరైనా ఆడారా?"

సమాధానం చెప్పలేకపోయాను. "చూసి చెప్తాను తమ్ముడూ" అన్నాను. చూశాను. చూస్తూ చూస్తూ ఆ జట్టు కథ మొత్తం చదివేశాను. ఎన్నో ఏళ్ళు ఓడిపోయిన జట్టు అది. ఆ కథలో మన గురించి ఎక్కడా రాసి లేదు. అయినా మనం తెలుసుకోవాల్సింది చాలా ఉందనిపించింది. అందుకే ఈ పోస్టు. కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

రాజుగారి ఆట

మన వైపు క్రికెట్ అంటే మొదట వినిపించే పేరు విజయనగరం. విజయానంద గజపతిరాజు, లోకం పిలిచిన పేరు 'విజ్జీ'. 1905లో పుట్టాడు. రాజు కొడుకు కాబట్టి మహారాజకుమార్ అనేవారు. 1930-31లో ఇంగ్లండ్ జట్టు మన దేశం రావాల్సి ఉంటే, శాసనోల్లంఘన ఉద్యమం వల్ల ఆ టూరు ఆగిపోయింది. అప్పుడు విజ్జీ సొంత డబ్బుతో ఒక జట్టు కట్టాడు. జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ అంటే ఆ రోజుల్లో ప్రపంచంలోనే పెద్ద బ్యాటర్లు. వాళ్ళిద్దరినీ పిలిపించి తన జట్టులో ఆడించి, దేశమంతా, సిలోను దాకా తిప్పాడు.

1936లో అదే విజ్జీ భారత జట్టుకి కెప్టెన్ అయ్యి ఇంగ్లండ్ వెళ్ళాడు. మూడు టెస్టులు ఆడాడు. ఆరు ఇన్నింగ్స్‌లో మొత్తం 33 పరుగులు. ఆ టూరులోనే, ఫామ్‌లో ఉన్న లాలా అమర్‌నాథ్‌ని క్రమశిక్షణ పేరు చెప్పి మధ్యలో ఇంటికి పంపేశారు. ఆట బాగా వచ్చినోడు ఓడెక్కి వెనక్కి వచ్చాడు, డబ్బున్నోడు కెప్టెన్‌గా ఉండిపోయాడు. అప్పటి క్రికెట్ అలాంటిది. బ్యాటు ఎవడి చేతిలో ఉన్నా, జట్టు మాత్రం జమీందారీ చేతిలో ఉండేది.

ఇప్పుడు ఆ రోజుల్లో మన కొండల మీద ఏం జరుగుతుందో పక్కన పెట్టి చూడండి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్. మర్నాడు కృష్ణదేవిపేట. ఆ మర్నాడు రాజవొమ్మంగి. అల్లూరి సీతారామరాజుతో నడిచిన గాం గంటందొర, గాం మల్లుదొర, పేరు తెలియని వందల మంది మన్యం వాళ్ళు. అడవిలో పోడు కొట్టనివ్వరు, రోడ్డు పనికి కూలి సరిగ్గా ఇవ్వరు, ముఠాదారులకి హక్కులు పోయాయి. దాని మీద తిరుగుబాటు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రామరాజుని చంపేశారు. ఆరేళ్ళు తిరిగేసరికి కొండ కిందనున్న రాజకుమారుడు హాబ్స్‌కి ఆతిథ్యం ఇస్తున్నాడు. రెండూ ఒకే విశాఖపట్నం జిల్లా కథలే. అప్పట్లో విజయనగరం కూడా ఆ జిల్లాలోనే ఉండేది.

ఇంకా వెనక్కి వెళ్తే ఇంకో సంగతి ఉంది. 1794లో పద్మనాభం యుద్ధంలో కంపెనీ సైన్యం చేతిలో విజయనగరం రాజు చనిపోయినప్పుడు, ఆయన కొడుకు నారాయణబాబు పారిపోయి తలదాచుకుంది కొండ దొరల దగ్గరే. అంటే కష్టమొచ్చినప్పుడు ఆ కోటకి కొండ గుర్తొచ్చింది. ఆట వచ్చినప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

అలాగని ఆదివాసీలకి అప్పట్లో ఆటే లేదనుకోవద్దు. 1928 ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్స్‌కి వెళ్ళిన భారత హాకీ జట్టు కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా. ఆయన తర్వాత రాజ్యాంగ సభలో మన తరఫున గొంతెత్తిన మనిషి. విజ్జీ కన్నా ఎనిమిదేళ్ళ ముందే ఒక ఆదివాసీ భారత జట్టుని నడిపాడు. ఈ మాట ఎవరైనా "మీకు ఆటలెందుకు" అన్నప్పుడు గుర్తు పెట్టుకోండి.

1953: రాష్ట్రంతో పాటు పుట్టిన జట్టు

రంజీ ట్రోఫీ 1934-35లో మొదలైంది. తెలుగు జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి కాబట్టి మన వైపు ఆడేవాళ్ళు మద్రాసు జట్టులో చోటు కోసం చూడాలి. హైదరాబాదుకి సొంత జట్టు ఉండేది, 1937-38లోనే రంజీ గెలిచేసింది కూడా.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఆ ఏడాదే ఆంధ్ర క్రికెట్ సంఘం, ఆ 1953-54 సీజన్‌లోనే ఆంధ్ర రంజీ జట్టు. ఆ జట్టుని నడిపింది ఎవరో తెలుసా? సి.కె. నాయుడు. భారతదేశపు మొట్టమొదటి టెస్టు కెప్టెన్, 1932లో లార్డ్స్‌లో ఆడిన మనిషి. నాగపూర్‌లో పుట్టిన తెలుగువాడు. ఆంధ్ర జట్టుకి వచ్చేసరికి వయసు 58. మన ఊళ్ళో ఆ వయసుకి తాతయ్యలు అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తారు. ఆయన కొత్త జట్టుకి కెప్టెన్సీ చేశాడు. తర్వాత అరవై దాటాక ఉత్తరప్రదేశ్‌కి కూడా ఆడాడు.

పుట్టుక అంత గొప్పగా ఉన్నా, ఆ తర్వాత ఏళ్ళకి ఏళ్ళు ఓటములే. ఎందుకు?

మొదటి కారణం ఈ పోస్టు పేరులోనే ఉంది. బొంబాయి జట్టు అంటే బొంబాయి నగరం. మద్రాసు జట్టు అంటే మద్రాసు నగరం. హైదరాబాదు, మైసూరుకి బెంగళూరు, అన్నిటికీ ఒక పెద్ద ఊరు ఉంది. ఆ ఊళ్ళో క్లబ్బులు, కాలేజీలు, ఆఫీసు జట్లు, వారం వారం లీగు మ్యాచులు. కుర్రోడు పొద్దున్న బస్సెక్కితే గ్రౌండుకి చేరతాడు. ఆంధ్రకి అలాంటి ఊరు లేదు. గుంటూరు, విజయవాడ, విశాఖ, కాకినాడ, అనంతపురం, కడప... అన్నీ మధ్య తరహా ఊళ్ళే, ఒకదానికొకటి వందల కిలోమీటర్ల దూరం. ఒక్కో ఊళ్ళో ఒక్కో మంచి ఆటగాడు ఉంటాడు, కానీ వాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు రోజూ ఆడరు. మంచి బౌలర్‌ని రోజూ ఎదుర్కోకపోతే మంచి బ్యాటర్ తయారవడు. ఇది మన ఊరి టోర్నమెంట్ చూసినా అర్థమవుతుంది కదా.

రెండో కారణం పోటీ పద్ధతి. 2002 దాకా రంజీ జోన్ల వారీగా నడిచేది. మనది సౌత్ జోన్. పక్కన ఎవరెవరు? మద్రాసు, మైసూరు, హైదరాబాదు. బొంబాయి వరసగా 15 ఏళ్ళు రంజీ గెలిచింది, 1958-59 నుంచి 1972-73 దాకా. దాన్ని ఆపింది 1973-74లో మన జోన్ జట్టే, కర్ణాటక. అంత బలమైన జట్లని దాటితేనే ముందుకి. ఏడాదికి నాలుగైదు మ్యాచులు, చివరి స్థానం, ఇంటికి. మళ్ళీ వచ్చే ఏడాది. ఆటగాళ్ళు అలా వచ్చి అలా వెళ్ళిపోయారు, బయట ఎవరికీ పేర్లు కూడా తెలియలేదు.

944

ఓటముల్లో ఒకటి మాత్రం రికార్డు పుస్తకంలో ఉండిపోయింది. 1993-94 సీజన్, సికింద్రాబాద్. హైదరాబాదు మన మీద 6 వికెట్లకి 944 పరుగులు చేసి డిక్లేర్ చేసింది. ఎం.వి. శ్రీధర్ 366, వివేక్ జయసింహ 211, నోయల్ డేవిడ్ 207 నాటౌట్. రంజీ చరిత్రలో ఒక జట్టు ఒక ఇన్నింగ్స్‌లో చేసిన అతి పెద్ద స్కోరు ఇప్పటికీ అదే.

నేను ఈ లెక్క చదివి మొదట నవ్వాను. తర్వాత ఫీల్డింగ్ చేసినోళ్ళ గురించి ఆలోచించాను. ఎండలో రోజుల తరబడి బంతి వెనక పరిగెత్తారు. స్కోరు కార్డులో కొట్టినోళ్ళ పేర్లు చెప్పుకుంటాం, పరిగెత్తినోళ్ళ పేర్లు చెప్పుకోం. కానీ వాళ్ళు ఆట మానేయలేదు. ఆ దెబ్బ తిన్న జట్టే తర్వాత సీజన్‌కి మళ్ళీ టాస్‌కి వచ్చింది. ఆ మళ్ళీ రావడం లేకపోతే ఇవాళ చెప్పుకోడానికి కథే ఉండేది కాదు.

పైకి ఎలా వచ్చింది

అదే రోజుల్లో గుంటూరు వైపు నుంచి ఎం.ఎస్.కె. ప్రసాద్ అనే వికెట్ కీపర్ ఎదిగాడు. 1999లో భారత్‌కి టెస్టు ఆడాడు, మొత్తం ఆరు టెస్టులు. తర్వాత జాతీయ సెలెక్షన్ కమిటీకి చైర్మన్ కూడా అయ్యాడు. విశాఖ నుంచి వై. వేణుగోపాలరావు. 2004లో ఇంగ్లండ్ 'ఎ' జట్టు మీద సౌత్ జోన్ 501 పరుగుల లక్ష్యం కొట్టినప్పుడు ఇతను 228 నాటౌట్. మర్సటేడు వన్డే జట్టులోకి వచ్చి మొత్తం 16 వన్డేలు ఆడాడు.

గ్రౌండ్లు వచ్చాయి. విశాఖ మధురవాడ దగ్గర కొండ కింద పెద్ద స్టేడియం కట్టారు. 2005 ఏప్రిల్ 5న అక్కడ పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టాడు. జులపాల జుట్టుతో ఉన్న ఆ ధోనీని దేశం గుర్తుపట్టింది మన విశాఖలోనే. 2016లో అక్కడే మొదటి టెస్టు. అంతకన్నా ముఖ్యం, బయటి వాళ్ళు అంతగా పట్టించుకోనిది, అకాడమీలు. ఒక్క పెద్ద ఊరు లేదు కాబట్టి సంఘం రాష్ట్రాన్ని ఉత్తర, మధ్య, దక్షిణ భాగాలుగా చేసి, జిల్లాల నుంచి కుర్రోళ్ళని తెచ్చి హాస్టల్లో ఉంచి ఆడించడం మొదలుపెట్టింది. ఊరు లేకపోతే హాస్టల్నే ఊరు చేశారన్నమాట.

ఫలితం చూడండి. 2015లో ఒంగోలులో గోవా మీద విశాఖ కుర్రోడు కె.ఎస్. భరత్ 308 కొట్టాడు. రంజీలో ట్రిపుల్ సెంచరీ కొట్టిన మొదటి వికెట్ కీపర్ అతనే. 2023లో టెస్టు క్యాప్. కాకినాడలో పుట్టిన హనుమ విహారి టెస్టులు ఆడాడు, 2021 సిడ్నీలో కాలు నొప్పితో 161 బంతులు నిలబడి మ్యాచ్ కాపాడాడు. విశాఖ కుర్రోడు నితీష్ కుమార్ రెడ్డి 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో సెంచరీ. కొడుకు ఆట కోసం అతని నాన్న కంపెనీ ఉద్యోగం వదిలేశారు. కడప అమ్మాయి శ్రీచరణి 2025లో ప్రపంచకప్ గెలిచిన భారత మహిళల జట్టులో 14 వికెట్లు తీసింది.

రంజీ జట్టు కూడా మారింది. 2023 క్వార్టర్ ఫైనల్, ఇండోర్, మధ్యప్రదేశ్ మీద. విహారికి ముంజేయి విరిగింది. కుడిచేతి బ్యాటర్ అతను. ఆఖరి వికెట్‌కి మళ్ళీ వచ్చి, విరిగిన చేతిని కాపాడుకుంటూ ఎడమచేతి వాటంతో ఆడాడు. అయినా ఓడిపోయాం. మర్సటేడు మళ్ళీ క్వార్టర్ ఫైనల్, మళ్ళీ ఇండోర్, మళ్ళీ మధ్యప్రదేశే. 170 కొట్టాలి. 165కి ఆలౌట్. నాలుగు పరుగులు! ఆ సీజన్‌లో దేశం మొత్తం మీద రంజీలో ఎక్కువ పరుగులు చేసింది మన జట్టు రికీ భుయ్, 902. అయినా కప్పు లేదు. డెబ్బై ఏళ్ళ పైబడిన జట్టుకి రంజీ ట్రోఫీ ఇంకా బాకీ.

మరి మనం?

ఇప్పుడు తమ్ముడి ప్రశ్న. పైన నేను రాసిన ఊళ్ళు మళ్ళీ చదవండి. గుంటూరు, విశాఖ, కాకినాడ, కడప. అన్నీ మైదానం ఊళ్ళే. అరకు నుంచి విశాఖ 115 కిలోమీటర్లే. కొండ దిగితే చాలు స్టేడియం. కానీ ఆ 115 కిలోమీటర్లు డెబ్బై ఏళ్ళయినా తరగలేదు.

ఎందుకంటే క్రికెట్ చిన్నప్పుడే వడకడతారు. అండర్ 14, అండర్ 16, అండర్ 19. జిల్లా సెలక్షన్ పట్నంలో. ఆ వయసుకి మన పిల్లోడు ఆశ్రమ పాఠశాలలో ఉంటాడు. సెలక్షన్ ఎప్పుడో తెలియదు, తెలిస్తే తీసుకెళ్ళేవాళ్ళు లేరు, వెళ్తే పుట్టిన తేదీ కాగితం సరిగ్గా ఉండదు. మనం టెన్నిస్ బంతితో ఆడతాం, అక్కడ తోలు బంతి. ప్యాడ్లు, గ్లౌజులు, హెల్మెట్, ఒక కుటుంబం కాఫీ పంట డబ్బు సగం అక్కడే పోతుంది. నేను కూడా ఇంటర్‌లో ఒకసారి సెలక్షన్‌కి వెళ్ళాను. పొద్దున్న మొదటి బస్సు ఎక్కినా నేను చేరేసరికి పేర్లు రాయడం అయిపోయింది. "రేపు రా" అన్నారు. రేపటికి నా దగ్గర బస్సు చార్జీ లేదు. నా కన్నా బాగా ఆడేవాళ్ళు మా హాస్టల్లో నలుగురు ఉండేవారు, వాళ్ళయితే అసలు రానే లేదు.

ఇది ఎవరినో తిట్టడానికి రాయడం లేదు. ఆంధ్ర జట్టుకి బొంబాయితో పోలిస్తే ఏం లేదో, మనకి ఆంధ్ర జట్టుతో పోలిస్తే అదే లేదు. పెద్ద ఊరు లేదు. రోజూ మంచి బౌలింగ్ ఎదుర్కునే చోటు లేదు. వాళ్ళు హాస్టల్‌ని ఊరు చేసుకుని దాన్ని దాటారు. మరి హాస్టళ్ళు మన దగ్గర లేవా? రాష్ట్రంలో మనకన్నా ఎక్కువగా హాస్టళ్ళలో పెరిగే పిల్లలు ఎవరున్నారు? వందల మంది ఒకే చోట తింటారు, పడుకుంటారు, సాయంత్రం ఒకే గ్రౌండులో ఆడతారు. కావాల్సిన జనం ఉన్నారు. ఒక తోలు బంతి, ఒక మ్యాటింగ్ వికెట్, సెలక్షన్ తేదీ చెప్పే ఒక పీఈటీ మాస్టారు, వెనకుండి తీసుకెళ్ళే ఒక అన్న కావాలి.

రాజకీయాల్లో ఈ దూరం ఒకసారి తరిగింది. 1952 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి వెళ్ళిన వాళ్ళలో ఒకరు గాం మల్లుదొర. అండమాన్ జైలు చూసొచ్చిన మనిషి. పదేళ్ళకి 1962లో అదే విశాఖ నుంచి వెళ్ళింది విజ్జీ. రాజుగారి కన్నా ముందు మన దొర కూర్చున్నాడు ఆ కుర్చీలో. ఆ రోజు మన మనిషి పేరు చీటీ మీద ఉండే అవకాశం వచ్చింది కాబట్టి గెలిచాడు.

ఒక అమ్మాయి

చివరిగా, తమ్ముడికి చెప్పిన సమాధానం.

2025 నవంబరు 23, కొలంబో. అంధ మహిళల మొట్టమొదటి టీ20 ప్రపంచకప్ ఫైనల్. భారత్, నేపాల్. ఈ ఆటలో బంతి లోపల చిన్న గుళ్ళు ఉంటాయి, గలగలమని చప్పుడు చేస్తుంది. బౌలర్ చెయ్యి కింద నుంచి విసరాలి. విసిరే ముందు "రెడీ?" అని అడగాలి, బ్యాటర్ "యెస్" అన్నాక "ప్లే" అని వదలాలి. అస్సలు చూపు లేనివాళ్ళు కొట్టిన పరుగులు రెండింతలుగా లెక్కిస్తారు. చెవితో ఆడే ఆట.

నేపాల్ 114 చేసింది. భారత్ ఏడు వికెట్ల తేడాతో గెలిచింది. ఒడిశా ఆదివాసీ అమ్మాయి ఫూలా సరేన్ 44. ఇంకో పక్క 42 కొట్టిన అమ్మాయి పేరు పాంగి కరుణకుమారి. పాంగి అన్న ఇంటిపేరు ఎక్కడిదో మీకు నేను చెప్పాలా? మన పాడేరు కొండల పిల్ల. ప్రపంచకప్ ఫైనల్లో ఇద్దరు ఆదివాసీ అమ్మాయిలు మ్యాచ్ గెలిపించారు.

తమ్ముడు వెంటనే అన్నాడు, "అది ఆంధ్రా టీము కాదు కదన్నా?" నిజమే, రంజీ జట్టు కాదు. నేనన్నాను, "ఆ పిల్ల ఆడింది ఇండియాకిరా." వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత బ్యాటు తీసుకుని మళ్ళీ మడిలోకి దిగాడు.

ఒక్క విషయం గమనించండి. అక్కడ ఆమె ఆట ఎవరో చూశారు, నేర్పించారు, తీసుకెళ్ళారు. కొండ నుంచి కొలంబో దాకా దారి పడింది. అంటే దారి వెయ్యడం కుదురుతుంది.

ఇప్పుడు మీ పని. మీ ఊరి జట్టు ఎప్పుడు మొదలైంది, మొదట ఎవరు ఆడారు, ఏ సంతలో చందాలెత్తి మొదటి బ్యాటు కొన్నారు, ఏ ఊరి మీద గెలిచారు, పెద్దోళ్ళని అడిగి రాసి పెట్టండి. ఆంధ్ర జట్టు 944 కూడా రాసుంది కాబట్టే మనం ఇవాళ చదువుతున్నాం. మన ఓటములు కూడా ఎవరూ రాయలేదు. మనమే రాద్దాం. రాస్తూ, ఈ ఏడాది మీ హాస్టల్ నుంచి ఒక్క పిల్లనో పిల్లోడినో సెలక్షన్‌కి తీసుకెళ్ళండి. మొదటి బస్సుకి కాదు. ముందు రోజే వెళ్ళండి.

జై ఆదివాసీ.